కందిరీగ గారి చెత్త లారీ

విద్యార్థినుల హాస్టల్,
మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం

బావగారికి,

మరదలి నమస్కారాలు. ముందుగా ఒక అభ్యంతరం. మనిద్దరి మధ్య ఫోను సంభాషణలను అక్క నిషేధించడం అన్యాయం. మనం వాదించుకుంటూ ఉండగా పొయ్యి మీద పాలు పొంగి గట్టంతా పారిన మాట నిజమే. కానీ ఆ పాల పక్కన నిలబడినది మీరు. నేను పాలకు చాలా దూరంలో ఉన్నాను. అయినా తీర్పును శిరసావహిస్తున్నాను. ఉత్తరంలో ఒక సౌకర్యం కూడా లేకపోలేదు: నా వాక్యం పూర్తి కాకుండా మీరు "సరే సర్లే" అనలేరు.

ఇక విషయం. మీ కూతురు కందిరీగకు ఏడేళ్ళు నిండబోతున్నాయి. గోధుమలో ఉండే గ్లూటెన్ దాని పొట్టకు పడదని డాక్టరు తేల్చిన నాటి నుంచి మీ ఇంట్లో పిండి డబ్బాలన్నీ మారాయి. పుట్టినరోజు మాత్రం మారలేదు. నిరుడు బల్ల మీద రెండు కేకులు పెట్టారు. పెద్దది అతిథులకు, అరచేతిలో ఇమిడేది దానికి. అది ఊదిన కొవ్వొత్తులు అది తినకూడని కేకు మీద ఉన్నాయి. తరువాత తన డబ్బా పట్టుకుని సోఫా చివర కూర్చుని, మిగతా పిల్లలు మూతులకు క్రీము పులుముకోవడం చూసింది. ఫోటోలో అందరూ నవ్వుతున్నారు. అది డబ్బా మూత బిగిస్తోంది.

ఈసారి అది నాకు స్వయంగా ఉత్తరం రాసి రెండు షరతులు పెట్టింది. కేకు ఒక్కటే ఉండాలి, అందరూ అదే తినాలి, లేకపోతే పుట్టినరోజే వద్దు. రెండోది, ఆ కేకు చెత్త లారీ ఆకారంలో ఉండాలి.

దీనికి మీ స్పందన, అక్క చెప్పిన ప్రకారం, "నిరుడులాగే రెండు కొనేస్తే పోలా? అయినా చెత్త లారీ ఏంటే, ఛీ!" ఈ రెండు వాక్యాలనూ నేను విడివిడిగా ఖండిస్తున్నాను. మొదటిది సౌకర్యాన్ని న్యాయం అనుకునే బద్ధకం. రెండోది కృతఘ్నత. హంసలు, కోటలు, కిరీటాలు ఎన్నో కేకులుగా వెలిశాయి. వాటిలో ఏ ఒక్కటైనా రోజూ పొద్దున్నే మీ వీధికి వచ్చి మీ గుమ్మం ముందున్న సంచీ తీసుకెళ్ళిందా? పనికొచ్చే వస్తువును ఆరాధించే పిల్లను కన్నందుకు గర్వపడండి.

కేకు నేను చేస్తాను. ఆ రోజే కళాశాలల వాదన పోటీ ఫైనల్ ఉన్నందున నేను రాలేను. కేకు బస్సులో వస్తుంది. మీరు అడ్డు రాకుండా ఉంటే చాలు, అదే మీ వంతు సహకారం.

ఇట్లు,
ఇంతవరకు ఏ వాదనలోనూ ఓడని మీ మరదలు

*

ఇల్లు,
కాలు కింద అట్టముక్క పెట్టిన వంటగది బల్ల

మరదలు పిల్లా,

నీ ఉత్తరం చదివేలోపు టీ చల్లారిపోయింది. మళ్ళీ పెట్టమంటే మీ అక్క "ఆ ఉత్తరం మీద పెట్టుకుని కాచుకోండి, వేడి మీదే ఉందిగా" అంది.

నేను లిఫ్టులు బాగుచేసేవాణ్ణి. మా పనిలో ఒక పద్ధతి ఉంది. పైకి వెళ్ళేది ఏదైనా కింద పడుతుందనే అనుకుని మొదలుపెడతాం. నీ కేకు గురించి కూడా అలాగే అనుకుంటున్నాను. తప్పుగా అనుకోకు.

రెండు కేకులు అని ఎందుకన్నానో చెప్తాను, మధ్యలో ఆపలేవు కాబట్టి పూర్తిగా విను. మొన్న సాయంత్రం నేను తలుపు వెనక చెప్పులు విప్పుతున్నాను. మెట్ల మీద కందిరీగ, పక్కింటి బంతిగాడు. నీకు గుర్తుండే ఉంటాడు, గుండ్రంగా ఉంటాడు, ఎటు తోసినా దొర్లుకుంటూ మా ఇంటికే వస్తాడు. వాడన్నాడు:

"నీ కేకు నేను తినను. బియ్యప్పిండి కేకు అట్టముక్కలా ఉంటుందంట."

"నువ్వు అట్టముక్క తిన్నావా?"

"లేదు."

"మరెలా తెలుసు?"

వాడు తల గోక్కుని, "మా అన్నయ్య తిన్నాడు" అన్నాడు.

"కేకా, అట్టముక్కా?"

"రెండూ."

"అయితే మీ అన్నయ్యని పిలు. వచ్చి చెప్పమను."

ఇదంతా నీ చలవే. సెలవలకి వచ్చినప్పుడల్లా దానికి కథలు చెప్పకుండా వాదనలు నేర్పావు. మొన్న పళ్ళు తోముకోమంటే "ఎందుకో నిరూపించండి" అంది.

సరే, వాడు వెళ్ళిపోయాక లోపలికొచ్చి నా పక్కన కూర్చుని అడిగింది. "నాన్నా, ఒకే కేకు పెట్టాక ఎవ్వరూ తినకపోతే?" రెండు కేకులుంటే అది ఒక మూల కూర్చుంటుంది, అంతే. ఒక్కటే పెట్టి ఎవరూ ముట్టుకోకపోతే ఆ బల్ల ముందు నిలబడి చూడాల్సింది అదే. నువ్వు అక్కడ ఫైనల్లో ఉంటావు. ఇక్కడ దాని మొహం చూసేది నేను.

ఇదీ నా వాదన. చప్పట్లు అక్కర్లేదు.

బావ

తా.క. ఇది నేను రాస్తున్నా పిన్నీ, కందిరీగ. జల్లెడ కొత్తదా? హాస్టల్లో ఆ జల్లెడతోనే గోధుమపిండి జల్లిస్తారా? నాన్న అడగలేదు. నేను అడుగుతున్నా. చెత్త లారీకి ఆరు చక్రాలు. మర్చిపోకు.

*

హాస్టల్, వంటగది గట్టు
(మంచం మీద చోటు లేదు, కేకులు ఆరుతున్నాయి)

బావగారికి,

మీ వాదనలో పిల్ల మీద ప్రేమ కనిపించింది, ధైర్యం కనిపించలేదు. ఓటమి సాధ్యమన్న కారణంతో పోటీనే రద్దు చేయమనడం తర్కానికి నిలవదు. బంతిగాడి సాక్ష్యం కూడా చెల్లదు. అది విన్న మాట, పైగా చెప్పినవాడి రుచి మీదే అనుమానం ఉంది.

ఇక కందిరీగ లేవనెత్తిన జల్లెడ ప్రశ్న. దాన్ని గౌరవిస్తూనే అది అసలు చర్చకు సంబంధం లేనిదని మనవి చేస్తున్నాను. మనం చర్చిస్తున్నది పిండి గురించి. నేను వాడుతున్నది బియ్యప్పిండి, మొక్కజొన్న పిండి. రెండింటిలోనూ గ్లూటెన్ లేదు. జల్లెడ అనేది కేవలం ఒక పనిముట్టు. పనిముట్టుకు స్వభావం ఉండదు. పిండి దాని రంధ్రాల గుండా

ఇక్కడ వాక్యం ఆగినందుకు మన్నించండి. ఆ వాక్యాన్ని బలపరచడానికి జల్లెడను చేతిలోకి తీసుకుని కాగితం మీద తట్టాను. తెల్లగా రాలింది. మా వంటామె "నిన్న రాత్రి గోధుమపిండి జల్లించానమ్మా, కడిగానే!" అంది. కడిగింది నిజమే. అంచు మడతలో ఇంకా ఉంది.

మొదటి కేకు మొత్తం ఆ జల్లెడ గుండానే వచ్చింది. అది మీ ఇంటికి వచ్చి ఉంటే ఏం జరిగేదో తలుచుకుంటూ గట్టంతా రెండుసార్లు తుడిచాను. నిరుడు ఒక్క బిస్కెట్టు ముక్కకే అది వారం రోజులు మంచం దిగలేదు. ఏడేళ్ళ పిల్ల ఆ ప్రశ్న అడగడం నేర్చుకుంది, నేను నేర్చుకోలేదు. కందిరీగతో చెప్పండి: ఈ అంశంలో పిన్ని బేషరతుగా ఓడిపోయింది. జల్లెడ, గిన్నె, గరిటె, కేకు అచ్చు అన్నీ కొత్తవి కొన్నాను. నా గదిలో తాళం వేసి పెట్టాను. ఓవెనులో కూడా నాదొక్కటే ఉన్నప్పుడు, లోపలంతా తుడిచాకే కాలుస్తున్నాను. మొదటి కేకును హాస్టల్ జనాభాకు దానం చేశాను.

ఇది మినహా పురోగతి అమోఘం. లారీ రూపం దాదాపు సిద్ధించింది. బస్సు ప్రయాణాన్ని తట్టుకునే దృఢత్వం కూడా త్వరలోనే వస్తుంది.

మరదలు

తా.క. నమస్తే అన్నయ్యగారూ, నేను ఈమె గదిలో ఉండే అమ్మాయిని. ఉత్తరం అంటించమని ఇస్తే చదివాను, తప్పే. అమోఘం అన్నది అబద్ధం. ఇప్పటిదాకా ఒక్కటీ నిలబడలేదు. మేమంతా చెంచాలతో తింటున్నాం. రుచి మాత్రం చాలా బాగుంది, దయచేసి చేయడం ఆపించకండి.

*

ఇల్లు, బాల్కనీలో పనిముట్ల పెట్టె మీద

మరదలా,

నీ గదిలో ఉండే అమ్మాయికి నా కృతజ్ఞతలు. ఆ హాస్టల్లో నిజం చెప్పేది ఒకరైనా ఉన్నారు.

జల్లెడ సంగతి చదివి వినిపించాను. కందిరీగ గంభీరంగా తలాడించి "పరవాలేదు, మొదటిసారి కదా" అంది. నాకు నవ్వాగలేదు. నవ్విన పాపం తగిలింది, విను.

నువ్వు ఆ లారీని దేని మీద నిలబెడతావో అని నాకు బెంగ పట్టుకుంది. అందుకని రేకుతో ఒక లారీ చట్రం చేయడం మొదలుపెట్టాను. ముందు డ్రైవరు గది, వెనక తొట్టి. తొట్టికి మడతబందు పెట్టాను, పైకి లేస్తుంది. పాత లిఫ్టు నుంచి పీకేసిన మీట ఒకటి నా పెట్టెలో పడి ఉంది, పైకి బాణం గుర్తు ఉన్నది. అది బిగించాను. నొక్కితే టింగ్‌మని మోగి తొట్టి లేస్తుంది. నీ కేకును ఆ తొట్టిలో కూర్చోబెట్టొచ్చని నా ఆలోచన. లేపాలని కాదు. పని చేస్తుంది కాబట్టి పెట్టాను.

మీ అక్క చూసి "పెళ్ళైనప్పటి నుంచి వంటింటి కుళాయి కారుతోంది. దానికి తీరిక లేదు, దీనికి ఉంది" అంది.

చక్రాలకి బజారు నుంచి గుండ్రటి చాక్లెట్ బిస్కెట్లు తెచ్చాను. అచ్చం టైర్లే. అంటించి గర్వంగా పిలిచాను. కందిరీగ వచ్చి లారీని చూడలేదు. ఖాళీ పాకెట్టు తీసుకుని వెనక్కి తిప్పి, వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది.

"నాన్నా. మైదా."

"చక్రాలే కదమ్మా, తినేవి కావుగా."

"బంతి తింటాడు. వాడు తిన్న చేత్తో కేకు ముట్టుకుంటాడు. తర్వాత నేను తింటాను."

బిస్కెట్లు పీకి, ఆ చోటంతా సబ్బుతో కడిగాను. ఇప్పుడు చక్రాలు సీసా మూతలు. కాబట్టి నువ్వు ఒక్కదానివే ఓడావని దిగులు పడకు. మనిద్దరం ఒకే బెంచీ మీద ఉన్నాం.

పిలుపులు అయిపోయాయి. బంతిగాడు "వస్తాను, కానీ తినను" అన్నాడట. కందిరీగ తనలో తనే లెక్కలు వేసుకుంటోంది, ఎవరు తింటారు, ఎవరు తినరు అని. నీ కేకు నిలబడుతుందా లేదా? వాదన వద్దు. అవును, కాదు, ఏదో ఒకటి రాయి.

బావ

*

హాస్టల్

బావగారికి,

కాదు.

నిలబడదు. గ్లూటెన్ అంటే పిండిని పట్టి ఉంచే బంక. అది లేని పిండి, అధ్యక్షుడు లేని సభలాంటిది. ఎవరి దారి వారిది. గుడ్లు పెంచాను, వెన్న తగ్గించాను, అరటిపండు కలిపాను. మెత్తగా, తియ్యగా వస్తుంది. అచ్చులోంచి తీసేదాకా లారీ. తీశాక గుట్ట. తీయకుండా పంపుదామనుకున్నాను, బస్సు కుదుపుకు అచ్చులోనే విరుగుతుంది.

నేను ఎంత గట్టిగా మాట్లాడితే అంత గట్టిగా ఉంటుందనుకున్నాను. కేకు నా మాట వినలేదు.

మీరు చెప్పినట్టే రెండు కేకులు కొనండి. చిన్నది నమ్మకమైన చోట చూసి కొనండి. కందిరీగకు మీరే చెప్పండి. నాకు చేతకావడం లేదు.

మరదలు

*

ఇల్లు, నేల మీద

పిన్నికి,

నేను కందిరీగ. అక్షరాలు నావే. గుణింతాలు అమ్మ చూసింది.

నీ ఉత్తరం నాన్న దాచాడు. నేను తీశాను. నాన్న ఎత్తులో దాస్తాడు, కానీ కుర్చీ అక్కడే వదిలేస్తాడు.

నీకు ఒక ప్రశ్న. చెత్త లారీలో ఏముంటుంది? చెత్త. చెత్త నిలబడుతుందా? నిలబడదు. నిలబడితే అది చెత్త కాదు, సామాను. లారీ నాన్న చేశాడు. నువ్వు మళ్ళీ లారీ ఎందుకు చేస్తున్నావు? లారీలో లారీ పెడతారా?

పడిపోయిన కేకు పంపు. బాగా పడిపోయింది పంపు.

అందులో ఒక చెప్పు ఉండాలి. తెగిపోయిన చెప్పు. చేప ముల్లు ఉండాలి. అరటి తొక్క ఉండాలి. అవన్నీ తినేవి అయ్యుండాలి. కొంచెం ఆకుపచ్చగా ఉండాలి, కుళ్ళినట్టు.

రెండు కేకులు కొంటే నేను మంచం కింద ఉంటాను.

ఇట్లు
కందిరీగ

కింద నేను, బావని. మీ అక్క, నేను ఇది రెండుసార్లు చదివాం. దీనికి ఎదురు వాదన నీ దగ్గర ఏమైనా ఉంటే రాయి, నా దగ్గర లేదు. తొట్టి లోపల పరచడానికి కొత్త కాగితం తెచ్చాను.

*

హాస్టల్, ఫైనల్ ఉదయం
(డబ్బాతో పాటు)

కందిరీగ గారి సముఖానికి,

ఎదురు వాదన లేదు. నేను ఇన్నాళ్ళూ గెలవాల్సిన చోట కాక పక్క వీధిలో పోరాడుతున్నానని మీ ఉత్తరంతో తెలిసింది. పోటీల్లో దీన్ని అంశం తప్పడం అంటారు. మార్కులు కోస్తారు.

ఇందుతో చెత్త పంపడమైనది. చాక్లెట్ చెత్త, అరటిపండు చెత్త, ఆకుపచ్చ రంగు పట్టించిన కుళ్ళు చెత్త. తెల్ల చాక్లెట్ చేప ముళ్ళు, పసుపు చాక్లెట్ తొక్కలు, తెగిన చెప్పు ఒకటి. చెప్పుకు పట్టీ మా గదిలో ఉండే అమ్మాయి చేసింది. మూడుసార్లు చేసింది, మొదటి రెండు ఆమే తినేసింది. వాడిన ప్రతి పాకెట్టు వెనక రాసింది మీరు నేర్పినట్టే వేలు పెట్టి చదివాను. పాకెట్లు కూడా పంపుతున్నాను, మీరు స్వయంగా తనిఖీ చేసుకోవచ్చు.

బస్సు కండక్టరు "లోపల ఏముందమ్మా, పగిలేదా?" అని అడిగాడు. "చెత్తండీ, ఇంతకంటే పగలదు" అన్నాను. నా వైపు వింతగా చూసి డబ్బాను తన సీటు పక్కనే పెట్టుకున్నాడు.

వేదిక ఎక్కబోతున్నాను. నాకు అక్కడ ఏం జరుగుతుందన్న భయం లేదు. మీ బల్ల దగ్గర ఏం జరుగుతుందన్నదే భయం. బావగారిని వెంటనే రాయమనండి. అలంకారాలు లేకుండా.

మీ ఓడిన పిన్ని

*

ఇల్లు, వంటగది బల్ల
(బల్ల కింద అట్టముక్క మారింది, పాతది కేకుతో జిడ్డైంది)

మరదలా,

నువ్వు కప్పు గెలిచావని మీ అక్క చెప్పింది. సంతోషం. ఇప్పుడు అసలు ఫైనల్ విను.

డబ్బా క్షేమంగా వచ్చింది, అంటే బాగా విరిగి వచ్చింది. కందిరీగ పాకెట్లన్నీ వరసగా పెట్టి చదివి, "పాస్" అంది. తొట్టి నింపాం. పైన చెప్పు పెట్టాం. మీ అక్క చూసి "ఛీ, నిజంగా చెత్తలాగే ఉందే" అంది. దానికి అంతకంటే పెద్ద మెప్పు ఏముంటుంది?

పిల్లలంతా వచ్చారు. కొవ్వొత్తులు డ్రైవరు గది మీద వెలిగించి ఊదేశాక నేను గొంతు సవరించుకుని "ఇప్పుడు లారీ చెత్త దించుతుంది" అన్నాను. కందిరీగ మీట నొక్కింది. టింగ్. తొట్టి సగం లేచి ఆగిపోయింది.

మీ అక్క మెల్లగా "మీరు లిఫ్టులు బాగుచేస్తారు కదూ?" అంది. నేను వంగి చూస్తున్నాను. ఇంతలో కుర్చీ ఎక్కి నిలబడిన మన పిల్ల చక్రం మీద ఒక్క గుద్దు గుద్దింది. తొట్టి ధడాలున లేచింది. పళ్ళెంలో సగం, బల్ల మీద కొంత, మీ అక్క ఒళ్ళో కాస్త. చెప్పు ఎగిరి సరిగ్గా బంతిగాడి ముందు పడింది.

ఎవ్వరూ చెయ్యి పెట్టలేదు. కందిరీగ మీట మీద వేలు తీయకుండా, లారీ వెనక్కి వచ్చేటప్పుడు చేసే శబ్దం నోటితో చేస్తూ, వాళ్ళ మొహాల్లోకే చూస్తోంది.

బంతిగాడు చెప్పు వైపు చూశాడు. "ఇది తినొచ్చా?"

"చెత్త. నువ్వు తినవుగా" అంది.

"కేకు తిననన్నాను. చెత్త తిననన్లేదు."

చెప్పు పట్టీ కొరికాడు. నమిలాడు. అందరూ వాడి దవడలే చూస్తున్నారు. "చెప్పు బాగుంది" అన్నాడు.

అంతే, మరదలా. నా లిఫ్టుల కోసం ఆఫీసులు వదిలే వేళ కూడా జనం అలా తోసుకోవడం నేను చూడలేదు. "చేప ముల్లు నాది!" "కుళ్ళింది నాకు, కుళ్ళింది నాకు!" "తొక్క నేను ముందు చూశా!" బంతిగాడి అమ్మ కేకలు విని పక్కింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

"ఒరేయ్, ఏం తింటున్నావురా నేల మీద కూర్చుని?"

"చెత్తమ్మా! నీకు కావాలా?"

ఆవిడ కూర్చుంది. తింది.

ఇదంతా అయ్యేదాకా మన పిల్ల మీట దగ్గరే ఉంది, డ్యూటీలో. తీరిగ్గా దిగి పళ్ళెం చూస్తే అద్దంలా ఉంది. అప్పుడు పెట్టింది చూడు కేక! "నా పుట్టినరోజు! నాకే లేదు! అందరూ తినేశారు!" కాళ్ళు నేలకేసి కొట్టింది. మామూలుగా పుట్టినరోజుల్లో పిల్లలు ఎలా గొడవ చేస్తారో అలా. మీ అక్క ఒళ్ళో పడిన ముక్కలు దులపడం మానేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. నవ్వుతోందో ఏడుస్తోందో నేను వెళ్ళి చూడలేదు. అప్పటికి నా కళ్ళు తుడుచుకోవడమే నాకు సరిపోయింది.

అసలు సంగతి ఇంకా ఉంది. బంతిగాడు గుమ్మం దగ్గర చొక్కా కింద ఏదో దాచుకుని జారుకుంటూ పట్టుబడ్డాడు. తీసి చూస్తే కందిరీగ డబ్బా. నిరుడు సోఫా మీద మూత బిగించిన ఆ డబ్బానే. అలమారలోంచి తీసి, నిండా చెత్త కూరాడు. "అన్నయ్య కోసం" అన్నాడు. "అట్టముక్కలా ఉంటుందన్నాడు కదా, చూపిద్దామని."

డబ్బా లాక్కుంది. నేల మధ్యలో కూర్చుని మూత తీసింది. ఒక చెయ్యితో తింటూ, రెండో చెయ్యితో వచ్చే చేతులన్నిటినీ కొడుతూనే ఉంది. అయినా సగం వాళ్ళే తిన్నారు.

ఈసారి ఫోటోలో అది నవ్వడం లేదు. నోరు నిండా ఉంది, బంతిగాడి చెవి మెలేస్తోంది. ఫోటో జతపరిచాను.

వంటింటి కుళాయి కూడా బాగుచేశాను. ఎందుకో అనిపించింది.

బావ

తా.క. పిన్నీ, నేను కందిరీగ. చెత్త చాలా బాగుంది. కానీ నాకు సరిపోలేదు. వచ్చే ఏడు రెండు కేకులు చెయ్యి. పెద్దది నాకు ఒక్కదానికే. చిన్నది వాళ్ళకి.